ఆవడి ట్యాంకు నుంచి ఫిలిప్పీన్స్ బ్రహ్మోస్ దాకా



కొన్నాళ్లుగా మన గ్రూపులో "బ్రహ్మోస్ మనది" అంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. సంతోషమే. నేనూ రెండు మూడు చూశాను. కాని ఆ "మనది" అనే మాట వెనక అరవై ఏళ్ల కథ ఉంది. అది ఏ వీడియోలోనూ కనబడలేదు. కొంచెం పొడుగుగానే రాస్తున్నాను, తీరిక చేసుకుని చదవండి.

2024 ఏప్రిల్ 19న మన వాయుసేనకు చెందిన సి-17 విమానం ఫిలిప్పీన్స్ దేశంలో క్లార్క్ అనే చోట దిగింది. అందులో వచ్చింది బ్రహ్మోస్ సామాను. 2022 జనవరిలో రెండు దేశాల మధ్య సుమారు 37.5 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. తీరం మీద నిలబెట్టే మూడు బ్యాటరీలు ఇవ్వాలి, అందులో ఇది మొదటి విడత. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఇప్పుడు ఒక్కొక్కటే విడదీసి చూడండి. మోసుకెళ్లిన విమానం అమెరికాది. క్షిపణి పేరులో బ్రహ్మపుత్ర సగం, రష్యాలోని మాస్క్వా నది సగం. దిగిన చోటు 1991 దాకా అమెరికా వాయుసేన స్థావరం. ఆ ఏడాది జూన్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి క్లార్క్ అంతా బూడిదలో మునిగింది. సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్ 12-11 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, అమెరికా స్థావరాల కొత్త ఒప్పందం వద్దనేసింది. మరుసటి ఏడాది చివరికి అమెరికా వాళ్లు సూబిక్ రేవు కూడా ఖాళీ చేసి వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లినా 1951 నాటి రక్షణ ఒడంబడిక మాత్రం అట్లాగే ఉంది. 2012లో స్కార్బరో అనే దిబ్బ దగ్గర చైనా ఓడలు వచ్చి పాతుకుపోయాయి. లూజాన్ దీవి నుంచి అది సుమారు 220 కిలోమీటర్లు. ఒడంబడిక ఉన్నా చైనా కదల్లేదు. 2016 జులైలో హేగ్‌లోని మధ్యవర్తుల మండలి ఫిలిప్పీన్స్ పక్షాన తీర్పు ఇచ్చింది, చైనా ఆ కాగితాన్ని లెక్కచేయలేదు. అప్పుడు ఆ చిన్న దేశానికి అర్థమైంది. పెద్దన్న అండ ఉంటే మంచిదే, కాని గుమ్మం దగ్గర సొంత కర్ర కూడా ఒకటి ఉండాలి. ఆ కర్ర కోసం ఢిల్లీకి వచ్చారు.

ఢిల్లీకే ఎందుకు? మన దగ్గర అమ్మడానికి సరుకు ఎట్లా వచ్చింది? దానికి మన ఆవడి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మద్రాసు నుంచి అరక్కోణం పోయే లోకల్ రైలెక్కిన వాళ్లందరికీ ఆవడి తెలుసు. 1961లో బ్రిటన్‌కు చెందిన విక్కర్స్ కంపెనీతో ట్యాంకు ఒప్పందం కుదిరింది. 1965లో విజయంత పేరుతో మొదటి ట్యాంకు ఆవడి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. గీత వాళ్లది, బిగింపు మనది. దాదాపు అదే కాలంలో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం. విమానం నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో. ఈ ఊళ్ల పేర్లు చూడండి, మన తెలుగువాళ్లు తరతరాలుగా బతుకుతున్న చోట్లు కూడా ఇందులో ఉన్నాయి. నాసిక్ శాఖ వాళ్లూ కోరాపుట్ శాఖ వాళ్లూ ఈ కథను నాకంటే బాగా చెప్పగలరు.

సరిగ్గా ఆ 1965 సెప్టెంబరులోనే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అమెరికా, బ్రిటన్ రెండు పక్షాలకూ ఆయుధాలు ఆపేశాయి. ఆయుధం కొనుక్కోవడమంటే దాని విడిభాగాల తాళంచెవి ఇంకొకరి మొలలో ఉండటమని మనకు గట్టిగా తెలిసొచ్చింది అప్పుడే. ఆ తర్వాత మనం ఎక్కువగా సోవియట్ వైపు ఒరిగాం.

ఆ రోజుల్లో రక్షణ సహకారం అంటే ఉన్నదల్లా రెండు అంగళ్లు. ఒకటి వాషింగ్టన్‌ది, ఒకటి మాస్కోది. మధ్యలో పారిస్, లండన్. ఎక్కడ కొన్నా, సరుకుతో పాటు షరతులు కూడా సంచిలో వేసి ఇచ్చేవాళ్లు. 1987లో ఏడు సంపన్న దేశాలు కలిసి క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ అని ఒకటి పెట్టుకున్నాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల క్షిపణి గాని, దాని పరిజ్ఞానం గాని బయటివాళ్లకు ఇవ్వకూడదని. అప్పటికే హైదరాబాద్‌లో అబ్దుల్ కలాంగారి ఆధ్వర్యంలో 1983లో మొదలైన క్షిపణుల కార్యక్రమం నడుస్తోంది. కట్టడి ఎవరిని చూసి పెట్టారో వేరే చెప్పనక్కర్లేదు.

1998 ఫిబ్రవరి 12న రష్యాతో ఒప్పందం మీద సంతకం పెట్టింది మన రామేశ్వరం కలాంగారే. కంపెనీలో భారత్‌కు 50.5 శాతం, రష్యాకు 49.5. దాని మొదటి అధిపతి నాగర్‌కోయిల్ శివతాను పిళ్లై. మూడు నెలలకే పోఖ్రాన్ పరీక్షలు, అమెరికా ఆంక్షలు. తేజస్ విమానం పని మీద అమెరికాలో ఉన్న మన ఇంజనీర్లను పంపించేశారు. బ్రహ్మోస్ పని మాత్రం ఆగలేదు. 2001 జూన్ 12న ఒడిశా తీరంలోని చాందీపూర్‌లో మొదటిసారి ఎగిరింది. దూరం 290 కిలోమీటర్లు. 300కు పది తక్కువ! ఈ పది ఎందుకు తగ్గిందో ఇప్పుడు మీకు తెలుసు. రష్యా అప్పటికే ఆ నియంత్రణ వ్యవస్థలో సభ్యురాలు. మనకు 2016 జూన్‌లో గాని అందులో చోటు దొరకలేదు.

ఇది మన ఒక్కళ్ల కథే అయితే ఇంత రాయను. 1960ల చివర నిక్సన్ "ఆసియా వాళ్లు తమ రక్షణ తామే చూసుకోవాలి" అనే విధానం తెచ్చి, 1971లో దక్షిణ కొరియా నుంచి ఒక డివిజన్ సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాడు. కొరియా భయపడింది. ఆ భయంలోనే 1970లో ఆయుధ పరిశోధన సంస్థ పెట్టుకుంది. టర్కీ 1974లో సైప్రస్‌లోకి సైన్యం పంపితే, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికా ఆయుధాలు ఆపేసింది. అదే 1975లో టర్కీలో అసెల్సాన్ పుట్టింది. ఢిల్లీ, సియోల్, అంకారా, ఈ మూడూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నవి కావు. మూడింటికీ లేదని చెప్పినవాడు ఉన్నాడు, లేదా వదిలేసి వెళ్లినవాడు ఉన్నాడు. వాళ్ల కట్టడే వీళ్లకు పెట్టుబడి అయిందని నా అభిప్రాయం.

ఇప్పుడు వాళ్ల దగ్గరికి ఎవరు వస్తున్నారో చూడండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పోలండ్ తన పాత ట్యాంకుల్లో చాలా వాటిని ఉక్రెయిన్‌కు ఇచ్చేసి, కొత్తవాటి కోసం కొరియాను అడిగింది. ఆగస్టులో సంతకం, డిసెంబరులో మొదటి ట్యాంకులు, ఫిరంగులు గ్దీనియా రేవులో దిగాయి. నాటో సభ్యదేశం, పక్కనే జర్మనీ ఉండగా, ఆసియా నుంచి ఓడలో తెప్పించుకుంది! అంతేకాదు, తర్వాతి ట్యాంకుల్లో కొన్ని మా గడ్డ మీదే చేయాలని షరతు పెట్టింది. మనమూ అదే చేశాం. గుజరాత్‌లోని హజీరాలో తయారైన కె-9 వజ్ర ఫిరంగి కొరియాదే. 2017లో 100 ఫిరంగులకు ఒప్పందం చేసుకుంటే మన కంపెనీ ఇక్కడే కట్టి ఇచ్చింది.

అరవ పేపర్లలో రక్షణ సహకారాన్ని "పాదుకాప్పు ఒత్తుళైప్పు" అని రాస్తారు. నేను చదువుకున్నది అరవంలో కాబట్టి ఈ మాట నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఉళైప్పు అంటే కష్టం, శ్రమ. కలిసి కష్టపడటం అని అర్థం. 1965లో ఆ మాట పేపర్లో మాత్రమే నిజం. ఇప్పుడు కొనేవాడే పనిలో నాకూ భాగం కావాలని గట్టిగా అడుగుతున్నాడు. అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడగ్గలుగుతున్నాడు. అసలు మార్పు అదీ.

కాని పూర్తిగా మనది అయిందా? పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీ 1955లో స్విట్జర్లాండ్ వాళ్ల సహాయంతో మొదలైంది. కొన్నేళ్లకు ఆ పెట్టె పూర్తిగా మనదైంది, ఎవరినీ అడగకుండా వేరే దేశాలకు పంపాం. ఆయుధాల్లో అట్లా కుదరదు. బ్రహ్మోస్‌లో రామ్‌జెట్ ఇంజిన్ పరిజ్ఞానం రష్యాది, మూడో దేశానికి అమ్మాలంటే రష్యా కూడా సరేననాలి. మన ఆవడి అర్జున్ ట్యాంకు పేరు భారతంలోది, ఇంజిన్ జర్మనీది. టర్కీ 2018లో పాకిస్తాన్‌కు 30 హెలికాప్టర్లు అమ్మడానికి ఒప్పుకుంది. అందులో ఇంజిన్ అమెరికా కంపెనీకి భాగం ఉన్నది. అమెరికా అనుమతి ఇవ్వలేదు, బేరం చెడిపోయింది. ఎవరి బండి అయినా ఇంజిన్ ఎవరిదో వాళ్లే గార్డు, వాళ్లే జెండా ఊపాలి.

ఇంకో సంగతి, ఇది మన వీడియోలు చేసేవాళ్లకు నచ్చకపోవచ్చు. 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు. 2013-14లో ఇవి 686 కోట్లు. పెద్ద ఎత్తే. అయినా స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్కలో 2020-24 మధ్య ప్రపంచంలో ఎక్కువ ఆయుధాలు దిగుమతి చేసుకున్న దేశాల్లో మనది రెండో స్థానం. మారింది ఏమిటంటే, 2010-14లో మన దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం, 2020-24లో 36. మన వంటింట్లోకి సరుకు ఇంకా బయటి నుంచే వస్తోంది, కాకపోతే ఒకే అంగడి నుంచి కాదు.

అమ్మడం మొదలుపెడితే ఇంకొకరి గొడవలో మన చెయ్యి కూడా పడుతుంది. 2020లో నాగోర్నో కారబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ టర్కీ డ్రోన్లతో ఆర్మేనియా ట్యాంకులను ఏరి ఏరి కొట్టింది. అంతదాకా రష్యాను నమ్ముకున్న ఆర్మేనియా తర్వాత మన పినాకా రాకెట్ల కోసం వచ్చింది. ఒక కొండ ప్రాంతంలో రెండు చిన్న దేశాల తగాదా, ఒకవైపు టర్కీ సరుకు, ఒకవైపు మన సరుకు. 2025 మేలో పాకిస్తాన్ మన సరిహద్దు మీదకు పంపిన డ్రోన్లలో టర్కీవి ఉన్నాయని మన సైన్యమే చెప్పింది. మనకు తెరుచుకున్న తలుపు టర్కీకీ తెరుచుకుంది కదా, దాన్ని తప్పించలేం.

ఫిలిప్పీన్స్ సంగతికే వస్తే, క్షిపణులతో ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో రెండో విడత చేరింది. ఆగస్టు మొదట్లో మన యుద్ధనౌకలు దక్షిణ చైనా సముద్రంలో వాళ్ల నౌకలతో కలిసి మొదటిసారి సాగాయి. అదే వారం అధ్యక్షుడు మార్కోస్ ఢిల్లీ వచ్చి వ్యూహాత్మక భాగస్వామ్యం మీద సంతకం పెట్టి వెళ్లాడు. స్కార్బరో దగ్గర రేపు నిజంగా నిప్పు రాజుకుంటే, ఆ తీరంలో నిలబడి ఉండేది మన క్షిపణి. విడిభాగాల కోసం ఫోను వచ్చేది మనకు. అప్పుడు మనం ఏమంటాం? 1965లో లండన్, వాషింగ్టన్ మనకు చెప్పిన మాటే చెబుతామా? లడఖ్‌లో గల్వాన్ లోయ ఎదురుగా ఉన్న సైన్యం కూడా అదే చైనాది కాబట్టి ఇది తేలిక ప్రశ్న కాదు. ఆవడిలో, పెరంబూరులో, సునాబెడలో ఈ పనులు చేసి రిటైరైన పెద్దలు మన సంఘంలో ఉంటే, వాళ్ల అభిప్రాయం కింద రాయండి. వినాలని ఉంది.