ములికి, అలుగు, శల్యం: బాణపు మొనకు మూడు మాటలు

బాణపు కర్ర చివర అమర్చే పదునైన మొనను ఇంగ్లీషులో ‘ఆరోహెడ్’ అంటారు. ‘ఆరో’ ప్రాచీన ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. విల్లు అనే అర్థం గల లాటిన్ ‘ఆర్కస్’కు అది జ్ఞాతి పదం. దీనిని ‘బాణం తల’ అని మక్కికి మక్కి అనువదించవలసిన అవసరం లేదు. తెలుగులో ములికి, అలుగు అనే దేశ్య పదాలు, శల్యం అనే సంస్కృత పదం ఉన్నాయి.

ఈ మాటల అవసరం ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ వంటి చోట స్పష్టమవుతుంది. సివిల్ సర్వీసెస్ శిక్షణకు పేరొందిన ఈ ప్రాంతానికి తెలుగు రాష్ట్రాల అభ్యర్థులూ వెళ్తారు. ప్రిలిమినరీ ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషు భాషల్లోనే ఉంటుంది. మెయిన్స్ సమాధానాలను మాత్రం తెలుగులో రాయవచ్చు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి తెలుగులో రాసేవారికి సరైన పదం తెలిసి ఉండటం ముఖ్యం.

ములికి

ఇది ‘ముల్లు’ కుటుంబానికి చెందిన మాట. ముల్లుకు తమిళంలో ‘ముళ్’, కన్నడంలో ‘ముళ్ళు’ అంటారు. ‘ములుకు’ అనే రూపమూ ఉంది. ఎడ్లను అదిలించే మొనగల కర్ర ‘ములుకోల’. మనసు నొప్పించే పలుకులను ‘మాటల ములుకులు’ అనడం నేటికీ వాడుకే.

అలుగు

బాణపు మొనకు, కత్తి వాదరకు ఇది పాత పేరు. కన్నడ ‘అలగు’, తమిళ ‘అలకు’ కూడా ఆయుధపు వాదరను సూచిస్తాయి. అయితే నేడు అలుగు అనగానే చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం గుర్తుకు వస్తుంది. ఒంటినిండా పొలుసులు గల వన్యప్రాణి పేరూ అదే, కోపగించుకోవడమూ అలుగుటే. రూపం ఒకటైనంత మాత్రాన వీటన్నిటి పుట్టుక ఒకటేనని భావించరాదు.

శల్యం

శరీరంలో గుచ్చుకొని బాధించే బాణపు మొన, ముల్లు వంటివన్నీ శల్యాలే. వాటిని వెలికితీసే విద్య కనుక ఆయుర్వేదంలో శస్త్రచికిత్సకు ‘శల్యతంత్రం’ అనే పేరు వచ్చింది. రామాయణంలోని ‘విశల్యకరణి’ శల్యబాధను తొలగించే ఓషధి.

చరిత్రలో, ప్రకృతిలో

నాగార్జునకొండ ప్రాంతంలో సూక్ష్మశిలా పరికరాలు లభించాయి. ఇటువంటి చిన్న రాతి ముక్కలను కర్రకు బిగించి బాణాలుగానూ వాడేవారు. తరువాతి ఇనుప యుగంలో, దక్షిణ భారత బృహత్‌శిలా సమాధుల్లో కత్తులు, బల్లెపు మొనలతో పాటు ఇనుప ములుకులు కనిపిస్తాయి. నీటి మొక్కల ప్రజాతి ‘సాజిటేరియా’కు ఆ పేరు రావడానికి బాణపు మొనను పోలిన ఆకులే కారణం, లాటిన్‌లో ‘సాజిటా’ అంటే బాణం.

రాయి, ఎముక, ఇనుము దేనితో చేసినా ‘బాణపు ములికి’ అన్న మాట చక్కగా సరిపోతుంది. అలుగు అని రాయదలిస్తే ‘బాణపు అలుగు’ అని విడమర్చడం మేలు. అప్పుడు చదువరి దానిని చెరువు అలుగుగా పొరబడడు.