ఏనుగు తుపాకీకి సరే, త్రీనాట్‌త్రీకి కుదరదు

మన ఆయుధాల చట్టంలో ఒక తమాషా ఉంది. ఎదురొచ్చే ఏనుగుని ఒక్క దెబ్బకి కూల్చడానికి తయారుచేసిన .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ రైఫిల్‌కి మామూలు పౌరుడు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత సినిమాల్లో ప్రతి పోలీసు భుజాన వేలాడే త్రీనాట్‌త్రీకి మాత్రం కుదరదు. అది "నిషిద్ధ బోరు". 9 ఎం.ఎం. పిస్టలూ అంతే. వీటికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి, అది ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు.

ఇంజనీరింగ్‌లో చదివింది ఇంకేదీ గుర్తు లేకపోయినా అర ఎం వీ స్క్వేర్ గుర్తుంది కాబట్టి ఒకసారి లెక్కేసి చూశాను. .470 గుండు బరువు 32 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకి దాదాపు 655 మీటర్లు. అంటే 6,900 జౌల్స్‌కి పైనే. .303 గుండు 11.3 గ్రాములు, 744 మీటర్లు, దాదాపు 3,100 జౌల్స్. 9 ఎం.ఎం. అయితే 500 దరిదాపుల్లో ఉంటుంది. మరి ఎక్కువ ప్రమాదకరమైనది దేన్ననాలి? పిస్టల్ జేబులో దాచుకోవచ్చు కాబట్టి నిషేధించారు అనుకుందాం. .303 రైఫిల్ ఏ జేబులో పడుతుంది?

చట్టం చూసేది తుపాకీ ఎంత పెద్దదని కాదు, దాని తూటా ఎవరి గోదాములో ఉందని. (తూటా అంటే ఇక్కడ ఇత్తడి గొట్టం, అందులో మందు, మూతికి గుండు, అన్నీ కలిపి.) ఇది అర్థం కావాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1857 దెబ్బ తిన్న తెల్లదొరలకి మన చేతిలో తుపాకీ అంటే హడల్. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి లైసెన్సు ఉండాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. ఇంత సూటిగా జాతిని బట్టి రాసిన చట్టాలు తక్కువ. కొడగు వాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అది కొన్ని రకాల తుపాకుల వరకూ ఇప్పటికీ నడుస్తోంది, 2029 దాకా పొడిగించారు కూడా.

అప్పట్లో బ్రిటిష్ సైన్యం రైఫిల్ మార్టినీ హెన్రీ, .450 బోరుది. 1888లో .303 వచ్చాక మార్టినీలు పాతబడ్డాయి. పాతబడ్డ తుపాకులు ఎక్కడికి పోతాయి? వాయవ్య సరిహద్దులో పఠాన్ల దగ్గరికి, అటు సూడాన్‌కి చేరాయి. తుపాకీ దొరికింది సరే, తూటాలో? ఇంతలో 1898లో లండన్‌లో రిగ్బీ కంపెనీ వాళ్లు కొత్త పొగలేని మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే వేట తూటా తెచ్చారు. పులులకీ ఏనుగులకీ బ్రహ్మాండంగా పనికొచ్చింది. వేటకొచ్చే దొరలందరూ కొనుక్కున్నారు. ఆ తూటా మార్టినీలో పట్టదు. కానీ బోరు ఒకటే కదా, దాని గుండు పీకి పాత మార్టినీ గొట్టంలో బిగించుకోవచ్చని సర్కారు భయం. 1907లో ఇండియాకీ సూడాన్‌కీ .450 బోరు సరుకు దిగుమతి ఆపేశారు.

ఇక్కడ తుపాకీ కంపెనీలు చేసిన పని చూస్తే నాకు భలే నవ్వొస్తుంది. ఇండియా పెద్ద మార్కెట్టు, వదులుకోలేరు. అందుకని తలా ఒక కొత్త సైజు తెచ్చారు. జోసెఫ్ లాంగ్ .470, హాలండ్ అండ్ హాలండ్ .465, వెస్ట్‌లీ రిచర్డ్స్ .476, ఇవి కాక .475. అన్నీ చేసే పని ఒకటే. .450కీ .470కీ తేడా ఎంతనుకున్నారు? అర మిల్లీమీటరు! పాత ప్రోగ్రాములో ఒక తప్పుని దాటడానికి ఎవడో రాసిన రెండు లైన్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉండిపోయి, ఎందుకున్నాయో ఎవరికీ తెలియని స్థితి మా ఉద్యోగాల్లో మామూలే. ఆఫ్రికాలో ఇవాళ ఏనుగు దగ్గరికి వెళ్లే వేటగాళ్లలో చాలామంది పట్టుకునే .470 అచ్చంగా అలాంటిదే. ఆ అంకె వెనక ఉన్నది ఏనుగు కాదు, పఠాను.

అదే 1907లో ఇంకోటి జరిగింది. నేపాల్‌లోనూ కుమావూఁలోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్న చంపావత్ ఆడపులిని జిమ్ కార్బెట్ చంపాడు. (చివర్లో తన రైఫిల్‌కి తూటాలు అయిపోయి తహసీల్దారు చేతిలోని తుపాకీ అడిగి తీసుకున్నాడు. తూటాల కరువంటే అదీ.) మెచ్చుకుని యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూవెట్ ఆయనకి .275 రిగ్బీ రైఫిల్ బహుమానంగా ఇచ్చాడు. ఈ .275 అంటే ఇంగ్లీషు పేరు తగిలించిన 7 ఎం.ఎం. జర్మన్ మౌజర్. 1899-1902 బోయర్ యుద్ధంలో బోయర్లు బ్రిటిష్ సైనికుల్ని కుప్పకూల్చింది సరిగ్గా ఆ తూటాతోనే. ఇండియాలో దానికి ఏ అడ్డూ లేదు. ఎందుకంటే ఇక్కడ ఏ బ్రిటిష్ ఆయుధాగారాన్ని కొల్లగొట్టినా మౌజర్ తూటాలు దొరకవు!

ఆ భయం ఉత్తుత్తిది కాదని మన మన్యంలోనే రుజువైంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసి తుపాకులూ తూటాలూ పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లినవన్నీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని చెప్పుకుంటారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు హతమయ్యారు. సర్కారు తూటాకి సరిపడే తుపాకీ సర్కారు కాని వాడి చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

పోలీసుల్ని కూడా పూర్తిగా నమ్మలేదు సుమా. .303 రైఫిళ్లనే తీసుకుని, గొట్టం .410కి మార్చి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేలా చేసి పోలీసులకీ జైలు కాపలా వాళ్లకీ ఇచ్చారు. చూడ్డానికి సైన్యం తుపాకీ లాగే ఉంటుంది, సైన్యం తూటా మాత్రం అందులో పేలదు.

గాంధీగారు 1930 జనవరిలో ఇర్విన్ ముందు పదకొండు కోరికలు పెట్టారు. ఉప్పు పన్ను రద్దు అందరికీ తెలుసు. ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా అందులో ఒకటి. అహింస పాఠం చెప్పిన మా స్కూలు పుస్తకాల్లో ఇది చదివిన గుర్తు నాకైతే లేదు.

సరే, దొరలు వెళ్లిపోయారు. 1959లో కొత్త చట్టం, 1962లో నియమాలు. నిషిద్ధ బోర్ల జాబితా చూడండి: .303, 7.62 రైఫిళ్లు, .410 మస్కెట్లు, .380, .455, సర్వీసు 9 ఎం.ఎం., .45 తూటాలు పేల్చే పిస్టళ్లూ రివాల్వర్లూ. ఆ తూటా పట్టే వేరే ఏ తుపాకీ అయినా అంతే అని కూడా రాశారు. జాగ్రత్తగా చూస్తే ఇది సైన్యం, పోలీసుల గోదాముల పట్టీ. 2016లో నియమాలు మళ్లీ రాశారు గానీ ఆలోచన అదే.

దీనివల్ల వింతలు బోలెడు. .308 వేట రైఫిల్‌లో సైన్యం 7.62 తూటా పడుతుంది కాబట్టి కూడదు. .30-06 గుండు వెడల్పు కూడా అంతే, శక్తి ఇంకాస్త ఎక్కువే. కానీ గొట్టం 51 బదులు 63 మిల్లీమీటర్లు, కాబట్టి పరవాలేదు. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ప్రభుత్వమే తయారుచేసి అమ్మింది. మన దగ్గర లైసెన్సు రైఫిల్ అంటే ముందు గుర్తొచ్చే .315 కథా అదే. దాని తూటా పాత ఆస్ట్రియన్ మాన్‌లిషర్‌ది. అచ్చం త్రీనాట్‌త్రీ అన్నదమ్ముడిలా ఉంటుంది, త్రీనాట్‌త్రీ తూటా మాత్రం పట్టదు.

మరి పెద్ద బోరు రైఫిళ్ల సంగతి? చట్టం వాటిని నిషేధించలేదు, పని లేకుండా చేసింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట పోయింది. 1983 దాకా ఒక మనిషికి ఎన్ని తుపాకులుండాలన్న పరిమితి లేదు, అప్పుడు మూడన్నారు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరులకి ఆగిపోయింది. 2019 సవరణతో మూడు కాస్తా రెండయింది, వారసత్వంగా వచ్చినా సరే. తాత నుంచి వచ్చిన జోడు గొట్టాల .470, నాన్న కొన్న పన్నెండు బోరు, ఒక రివాల్వరూ ఉన్నాయనుకోండి. ఏడాదిలోపు ఒకటి స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పగించెయ్యాలి. ఏది వదులుకుంటారు? ఐదు కిలోల రైఫిల్, పేలిస్తే భుజం వాచిపోతుంది, లైసెన్సులో రాసినన్ని తూటాలే ఉంచుకోవాలి, దాంతో కొట్టడానికి ఏమీ లేదు. నేనైతే దాన్నే ఇచ్చేస్తాననుకుంటాను, బాధపడుతూనే.

తుపాకులు పప్పుబెల్లాల్లా పంచమని నేననడం లేదు. ఎవరికి ఇవ్వాలి, ఎన్ని ఇవ్వాలి అన్న విషయంలో గట్టిగా ఉండాల్సిందే. నా గొడవల్లా బోరు గురించే. పౌరుడికి ఏది ప్రమాదమో చూసి జాబితా రాస్తే ఒక రకంగా ఉంటుంది, సర్కారుకి ఏది ప్రమాదమో చూసి రాస్తే ఇంకో రకంగా ఉంటుంది. మనది రెండో రకం. స్వతంత్రం వచ్చాక కూడా ఎవరూ దాన్ని మొదటి రకంగా తిరగరాయలేదు.

కార్బెట్ 1947లో ఇండియా వదిలి కెన్యా వెళ్లిపోయాడు. వెండి బిళ్ల మీద ఆయన పేరు చెక్కిన ఆ .275 మళ్లీ లండన్‌లో రిగ్బీ వాళ్ల దగ్గరికే చేరింది.