వాటా ఎవరిదో, తీర్పు ఎటువైపో: బెంగళూరు కంపెనీలు, షేర్ల విశ్లేషకులు

ఒక కంపెనీ షేరును కొనవచ్చునా, అమ్ముకోవడం మేలా అని చెప్పే విశ్లేషకుడు జమాఖర్చులు మాత్రమే చూసి తీర్పు ఇస్తాడని మదుపరి నమ్ముతాడు. బెంగళూరు కంపెనీల చరిత్రను పరిశీలిస్తే, ఆ తీర్పు వెనుక యాజమాన్యం ఎవరిది, ఆ యజమానికి ప్రభుత్వంతో ఉన్న చుట్టరికం ఎంత అన్న లెక్క కూడా బలంగానే పనిచేసిందని తేలుతుంది.

వాల్‌చంద్ హీరాచంద్ 1940లో మైసూరు సంస్థానం సాయంతో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌ను స్థాపించిన నాటికి గాని, ఆ తరువాత ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు నగరమంతా విస్తరించిన దశాబ్దాలలో గాని ఈ లెక్కకు తావు లేదు. 1991 సంస్కరణల తరువాత ప్రభుత్వం తన వాటాలను కొద్దికొద్దిగా అమ్మడం మొదలుపెట్టాకనే, లాభాలు సమానంగా ఉన్నా ప్రభుత్వ కంపెనీకి ప్రైవేటు కంపెనీకంటే తక్కువ విలువ కట్టే అలవాటు, అంటే బజారు భాషలో 'పీఎస్‌యూ డిస్కౌంట్', స్థిరపడింది. దీనికి కారణం లేకపోలేదు. 2018 మార్చిలో షేర్ బజారుకు వచ్చిన, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారసురాలైన హెచ్ఏఎల్‌కు ప్రభుత్వమే యజమాని, ప్రభుత్వమే ప్రధాన కొనుగోలుదారు. ఆ కొనుగోలుదారు నుంచి బకాయిలు సకాలంలో రాకపోవడంతో, 2019 జనవరి నాటికి ఆ సంస్థ జీతాల కోసం దాదాపు 1,000 కోట్ల రూపాయలు అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. 2021లో 83 తేజస్ విమానాల ఒప్పందం కుదిరాక అదే ప్రభుత్వ సంబంధం విశ్లేషకుల నివేదికలలో బలంగా కనిపించసాగింది.

దీనికి పూర్తిగా భిన్నమైనది కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కథ. 2005లో ఎగరడం మొదలుపెట్టిన ఆ సంస్థ ఏ ఒక్క సంవత్సరమూ లాభం చూడలేదు. దాని అధినేత విజయ్ మాల్యా మాత్రం 2002లోను, 2010లోను కర్ణాటక నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. 2011లో బ్యాంకులు తామిచ్చిన అప్పులో కొంత భాగాన్ని షేరుకు 64 రూపాయల 48 పైసల చొప్పున వాటాగా మార్చుకున్నాయి. ఆనాటి మార్కెట్ ధరకంటే అది 60 శాతానికి పైగా ఎక్కువ. బజారులో నలభై రూపాయలకు దొరికే షేరును అంత ధర పెట్టి తీసుకోవడంతో అప్పిచ్చినవారే వాటాదారులయ్యారు. పెద్ద బ్యాంకులకు సొంత బ్రోకరేజి సంస్థలు కూడా ఉన్న మన దేశంలో, ఆ గూటిలోని విశ్లేషకుడు నిర్మొహమాటంగా మాట్లాడగలగడం తేలిక కాదు. ఆ ఏడాదే ఆ సంస్థ ఆర్థిక స్థితిపై గట్టి హెచ్చరిక చేసినది కెనడాకు చెందిన వెరిటాస్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ కావడం గమనించదగినది. 2012 అక్టోబరులో విమానాలు నిలిచిపోయాయి, ఉద్యోగులు నెలల తరబడి జీతాలకు నోచుకోలేదు.

ఇది ఒక్క బెంగళూరు జాడ్యం కాదు. ఉన్నత స్థాయి రాజకీయ సంబంధాలున్న కంపెనీల లాభాలను ముందుగా అంచనా వేయడంలో విశ్లేషకులు ఎక్కువగా తప్పుతున్నారని, అనేక దేశాలను పరిశీలించి 2010లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు 2008 డిసెంబరులో తన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను ఆ సంస్థ చేత కొనిపించబోయినప్పుడు మాత్రం మదుపరులు గంటల వ్యవధిలో తిరగబడ్డారు. అయితే అప్పటికే సత్యంలో ఏళ్ల తరబడి దొంగలెక్కలు సాగిపోయాయి.

రాజకీయం లేనిచోట కూడా యాజమాన్యం నీడ తప్పదు. వ్యవస్థాపకుల కుటుంబాలకు అప్పట్లో దాదాపు 13 శాతం వాటా మాత్రమే ఉన్న ఇన్ఫోసిస్‌లో, వారికీ బోర్డుకూ వివాదం ముదిరి 2017 ఆగస్టు 18న సీఈఓ విశాల్ సిక్కా రాజీనామా చేసిన రోజున షేరు దాదాపు పది శాతం పడిపోయింది.

షేర్ బజారు నియంత్రణ సంస్థ సెబీ 2014లో తెచ్చిన పరిశోధన విశ్లేషకుల నిబంధనల ప్రకారం, నివేదిక రాసిన విశ్లేషకుడు గాని అతని సంస్థ గాని ఆ కంపెనీలో ఒక శాతం లేదా అంతకు మించిన వాటా కలిగి ఉంటే, గత పన్నెండు నెలలలో దాని నుంచి ప్రతిఫలం పొంది ఉంటే, ఆ సంగతి నివేదికలోనే వెల్లడించాలి. మదుపరి మొదట చదవవలసిన ఆ వివరాలు చాలా నివేదికలలో చివరి పుటలో చిన్న అక్షరాలతో ఉంటాయి. యజమాని రాజకీయ సంబంధాల గురించి చెప్పే ప్రత్యేక గడి వాటిలో లేదు.