అడగాల్సిన ఒక్క మాట

స్పెయిన్ దేశంలోని కెటలోనియా ప్రాంతంలో రేవుస్ అని ఒక ఊరుంది. జనాభా లక్ష పైచిలుకు. వాస్తుశిల్పి గౌడీ మా ఊరివాడేనని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. 2016 నవంబరు 14న ఆ ఊళ్లో ఒక ఫ్లాటులో పరుపు అంటుకుంది. లోపల ఉన్నది 81 ఏళ్ల ముసలావిడ ఒక్కతే. వెలుతురు కోసం పెట్టుకున్న కొవ్వొత్తి వల్ల నిప్పు రాజుకుందని తర్వాత తేలింది. ఆమెను చంపింది పొగ.

రెండు నెలలుగా ఆ ఇంట్లో కరెంటు లేదు. బిల్లు బాకీ పడిందని గ్యాస్ నాచురల్ కంపెనీ సరఫరా ఆపేసింది.

ఆ రెండు నెలలూ ఆమె ఏం వండుకుందో, ఎవరితో ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని అల్లి కన్నీళ్లు పెట్టించడం నాకు చేతకాదు. ఒకటి మాత్రం పంచాంగం చూసి చెప్పొచ్చు. సెప్టెంబరు మధ్యలో అక్కడ రాత్రి ఎనిమిది దాకా వెలుతురు ఉంటుంది. నవంబరు మధ్యకు వచ్చేసరికి సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలుతుంది. అంటే కరెంటు తీసేసిన కొత్తల్లో పడుకునేలోపు గంటో రెండు గంటలో ఉన్న చీకటి వేళ, రోజురోజుకూ సాగుతూ పోయింది. చలి కూడా దానితోపాటే వచ్చింది.

ఆమె ఎవరికీ పట్టని మనిషి కూడా కాదు, విడ్డూరమంతా అక్కడే ఉంది. రేవుస్ మున్సిపాలిటీ సంక్షేమ విభాగానికి ఆమె తెలుసు. ఆమె నీళ్ల బిల్లు వాళ్లే కడుతున్నారు. ఒక ఆఫీసులో ఆమె పేరు ఆదుకోవాల్సినవాళ్ల జాబితాలో ఉంది, ఇంకో ఆఫీసులో ఎగవేతదారుల జాబితాలో ఉంది. ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని చెప్పే చట్టం అప్పటికే ఏడాదిగా అమల్లో ఉంది.

దాని పేరు 24/2015 చట్టం. దాన్ని రాసింది మంత్రులు కాదు. ఇళ్ల అప్పులు కట్టలేక వీధిన పడ్డవాళ్ల సంఘం, ఇంధన పేదరికంపై పోరాడే కూటమి, మరో హక్కుల సంస్థ కలిసి ముసాయిదా తయారుచేశాయి. ప్రజలే చట్టాన్ని ప్రతిపాదించే పద్ధతి అక్కడ ఉంది. 50,000 సంతకాలు కావాలి, 1,40,000కు పైగా వచ్చాయి. 2015 జూలైలో కెటలోనియా పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం కోర్టుకెళ్లి ఇళ్లకు సంబంధించిన భాగాలను నిలిపేయించింది. కరెంటు, నీళ్లు, గ్యాస్ భాగం మాత్రం నిలబడింది. అందులో ఉన్నది చిన్న షరతే. బాకీ ఉన్న ఇంటికి సరఫరా ఆపే ముందు కంపెనీ స్థానిక సంక్షేమ విభాగాన్ని అడగాలి, ‘ఈ ఇంటి పరిస్థితి ఏమిటి?’ అని. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ ఇల్లు కష్టంలో ఉన్నట్టే లెక్క. తీయకూడదు.

మమ్మల్ని ఎవరూ అడగలేదంది మున్సిపాలిటీ. ఆమె పరిస్థితి మాకెవరూ చెప్పలేదంది కంపెనీ. అడగాల్సిన బాధ్యత ఎవరిదో చట్టంలో స్పష్టంగా ఉన్నాక ఈ రెండో మాటకు ఎంత విలువివ్వాలో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఆ వారంలోనే జనం కంపెనీ ఆఫీసుల ముందు చేరారు. డిసెంబరు 23న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. దాని వెనకే వచ్చిన 2017 అక్టోబరు నిబంధనలతో, బలహీనుల ఇళ్లకు కరెంటు తీసే ముందు ఇచ్చే గడువు రెండు నెలల నుంచి నాలుగు నెలలకు పెరిగింది.

ఈ బిల్లుల బాధ ఒంటరి ఆడవాళ్లకే ఎక్కువ ఎందుకు తగులుతుంది? స్పెయిన్ కరెంటు బిల్లులో వాడినా వాడకపోయినా, పెట్టుకున్న లోడును బట్టి కట్టాల్సిన స్థిర చార్జీ ఉంటుంది. భర్త పోతే భార్యకు వచ్చే పింఛను అప్పట్లో మామూలుగా లెక్కగట్టిన మొత్తంలో 52 శాతం. ఇంట్లో మనిషి తగ్గాడని స్థిర చార్జీ తగ్గదు. ఇక ఒక్కరే పిల్లల్ని పెంచే ఇళ్లలో పదింట ఎనిమిదింటికి పెద్దదిక్కు తల్లే.

డబ్బు ఒక పక్కన, సిగ్గు ఇంకో పక్కన. మన ఊళ్లో లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకితే వీధంతా తెలుస్తుంది. పరువు పోతే పోయింది, కనీసం పక్కింటామె వైరు లాగి ఒక బల్బు వెలిగించుకోనిస్తుంది. ఫ్లాట్లలో తలుపేసుకుంటే ఎవరింట్లో దీపం లేదో ఎవరికెరుక?

బార్సిలోనాలో ఆ ఇంధన పేదరిక కూటమి పెట్టే సలహా సమావేశాలు ఈ తలుపు మీదే పనిచేస్తాయి. అక్కడ వకీలు బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినీ లోపలికి పిలవడు. అందరూ కలిసి కూర్చుంటారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కొత్తగా వచ్చినామె సంచిలోంచి బిల్లులు తీసి, బాకీ ఎంతో అందరి ముందూ చెప్పాలి. మొదటిసారి నోరు పెగలడం కష్టమే. జవాబిచ్చేది అదే కష్టం దాటి వచ్చిన ఇంకో మనిషి: మున్సిపాలిటీ నుంచి ఏ కాగితం తేవాలి, కంపెనీకి ఏమని రాయాలి, అవసరానికి మించి పెట్టుకున్న లోడు తగ్గిస్తే నెలకు ఎంత మిగులుతుంది. ఇవాళ అడిగినామె రేపు చెప్పేది అవుతుంది. ఉచితంగా బియ్యం పంచే పనికన్నా ఇది నెమ్మది, కానీ ఎక్కువకాలం నిలుస్తుంది.

2017 జనవరిలో బార్సిలోనా మున్సిపాలిటీ కూడా పేటపేటకూ ఇంధన సలహా కేంద్రాలు తెరిచింది. చాలాకాలంగా పని దొరకనివాళ్లకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది.

అయితే చట్టం ఫ్యూజును కాపాడింది గానీ బాకీని చెరపలేదు. కరెంటు వెలుగుతూనే ఉంటుంది, వెనకాల అప్పు పెరుగుతూ ఉంటుంది. ఆ అప్పు సంగతి కంపెనీలు, ప్రభుత్వాలు ఒప్పందాలతో తేల్చుకోవాలని 2015 చట్టంలోనే ఉంది. ఎండెసా అనే పెద్ద కంపెనీతో ఆ ఒప్పందం కుదిరింది 2021లో. దాదాపు 35,000 పేద కుటుంబాల పాత బాకీ రద్దయింది. ఇకమీదట వచ్చే బాకీని కంపెనీ, ప్రభుత్వ సంస్థలు చెరిసగం భరించాలన్నారు. అదీ ఒక్క కంపెనీతో. మిగతా కంపెనీల బిల్లులు సంచిలో పెట్టుకుని సమావేశానికి వచ్చేవాళ్లు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు.