పింజను కొలిచిన సాధనములు

నర్సీపట్నమునకు ఎగువన లేచిన తూర్పుకనుమల వరుస ఈశాన్యముగా సాగి శ్రీకాకుళపు సీమను చేరును. 1950లో శ్రీకాకుళము వేరుజిల్లాగా ఏర్పడునాటికి నర్సీపట్నమును, సన్నఖద్దరునకు పేరుగన్న పొందూరును ఒక్క విశాఖపట్టణము జిల్లాలోనివే. ఆ పొందూరున పత్తి గుణమును తేల్చు పని వ్రేళ్లదియు, వాలుగచేప దవడయెముకదియు. గింజ తీయకమునుపే పత్తిని ఆ దవడపండ్లతో దువ్వగా మలినమును, పొట్టినూగును రాలిపోయి, మిగిలిన పోగులు ఒకే దిక్కునకు తిరిగి నిలుచును. అట్టి దూదిని ఏకులుగా చేసి, ఎండిన అరటిడొప్పలో భద్రపఱచుకొని, స్త్రీలు ఒంటికదురు రాట్నముమీద నూరవ నంబరు వఱకు, అనగా పౌనుకు 840 గజముల చిలపలు నూరు దిగునట్లు, వడుకుదురు. వారు వడుకు కొండపత్తి పింజ పొట్టిదని యెఱిగిన మిల్లువారికి ఇది వింతగానే తోచవలెను.

పత్తి గుణమును పరీక్షించుటకై 1924లో భారత కేంద్ర పత్తిసంఘము బొంబాయి మాతుంగాలో పరిశోధనశాలను స్థాపించి, ఏ.జె. టర్నరును దానికి అధికారిగా నియమించెను. ప్రయోగశాలలయందు చేపదవడ పనిని బేయర్ సార్టరులోని ఉక్కుదువ్వెనలు చేసెడివి. పింజలను పొడవు వరుసను పేర్చి చూపు ఆ సాధనము మిక్కిలి నమ్మదగినది గాని, దానికి చేయితిరిగిన మనిషియు, చాల కాలమును కావలెను. అమెరికాలో హెర్టెల్ అను పరిశోధకుడు 1940 ప్రాంతమున రూపొందించిన ఫైబ్రోగ్రాఫు, దువ్వెనకు చిక్కిన పింజలకుచ్చు గుండ వెలుగును పంపి, త్వరితముగా పొడవును తేల్చెను. దాని తరువాత వచ్చిన మైక్రోనేరు 50 గ్రెయినుల దూదిని గొట్టమున కుదించి, గాలి యెంత సులువుగా దాటునో చూచును.

నా దృష్టిలో వీనియన్నింటను ఎక్కువ అనుమానింపదగినది ఈ కడపటిదే. గాలి ఎదుర్కొను అడ్డు పింజ సన్నదనముచేత పెరుగవచ్చును, గోడలు పలుచనై ముదురకుండుటచేతను పెరుగవచ్చును. తక్కువ అంకె వచ్చినప్పుడు మేలిజాతి పత్తియో, పూర్తిగా పండని పత్తియో ఆ అంకె చెప్పజాలదు. ఒకేజాతి పత్తుల నడుమ అది చక్కని సాక్షి. జాతులు మారినచో మఱియొక పరీక్ష తోడు కావలెను. ఇంత సందిగ్ధమైన సంఖ్యయే, త్వరగా దొరకుటవలన కాబోలు, వర్తకుల ధరలలో పెద్దపీట వేసికొన్నది.

టర్నరు మాత్రము కొలతలతో తృప్తిపడక, నమూనాను నిజముగా వడికించి, ఏ నంబరు వఱకు తగిన బలముతో నిలుచునో దానినే ప్రమాణముగా గైకొనెను. ఆ పరీక్షయును మిల్లు కదురులమీదనే జరిగెడిది గావున, రాట్నమునకు తగిన పొట్టిపింజ పత్తి అందు తన గుణమును చూపుకొను అవకాశము లేకపోయెను.