వుడ్ బ్యాడ్జ్

వుడ్ బ్యాడ్జ్ అనునది స్కౌట్ ఉద్యమములో బాలబాలికలకు శిక్షణనిచ్చే వయోజన నాయకులు ఉన్నత శిక్షణ పూర్తిచేసినప్పుడు పొందే చిహ్నము. తోలుత్రాటికి కట్టిన చెక్కపూసలను యూనిఫారముపై మెడలో ధరిస్తారు.

చరిత్ర

మొదటి శిక్షణ శిబిరము 1919 సెప్టెంబరులో ఇంగ్లాండులోని గిల్వెల్ పార్కులో జరిగినది. ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ 1888లో దక్షిణాఫ్రికాలోని జులూలాండ్‌లో సైనికాధికారిగా ఉన్నపుడు సంపాదించిన హారములోని పూసలను ఈ శిబిరము ముగించినవారికి ఇచ్చారు. ఆ హారము జులూ రాజు దినుజులుదని ఆయన చెప్పేవాడు. అది ఆయన చేతికి ఎలా వచ్చినదనే విషయమై భిన్న కథనాలున్నాయి. యుద్ధభూమినుండి వచ్చిన వస్తువు సౌభ్రాతృత్వ చిహ్నముగా మారడము వలన ఈ ప్రశ్నకు ప్రాముఖ్యము ఏర్పడినది.

మార్పులు

పూసలను తొలుత టోపీకి ధరించేవారు. తరువాత మెడలో ధరించు పద్ధతి వచ్చినది. అసలు పూసలు పరిమితము కావడముతో వాటి నమూనాలో కొత్తవి తయారుచేయసాగారు. సాధారణముగా రెండు పూసలు శిక్షణ పూర్తిచేసిన నాయకునికి, మూడు లేదా నాలుగు పూసలు శిక్షకులకు గుర్తు. వీటితోపాటు ధరించే గిల్వెల్ స్కార్ఫుపై మెక్‌లారెన్ వంశపు గళ్ళగుడ్డ ముక్క ఉంటుంది. గిల్వెల్ పార్కు కొనుగోలుకు ధనమిచ్చిన విలియం డి బోయ్స్ మెక్‌లారెన్ స్మారకముగా దీనిని చేర్చారు.

భారతదేశములో

1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో ఈ స్థాయి శిక్షణను హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు.