ఇంగితము – పేకాట



“వానికి ఇంగితము లేదు” అని మన పల్లెలలో తఱచుగా అందురు. ఆ మాటకు మనము లోకజ్ఞానమని అర్థము చెప్పుకొనుచున్నాము. కౌటిల్యుని అర్థశాస్త్రములో దాని యర్థము వేఱు. సహజమునకు భిన్నమైన చేష్ట ఇంగితము. మొగమున తోచు మార్పు ఆకారము. ఎంతటి రహస్యాలోచనయైనను ఈ రెంటివలన వెల్లడి కాగలదని యాతని హెచ్చరిక. జూదమును ఒక్కచోటనే ఆడింపవలెననియు, గూఢముగా బ్రతుకువారిని కనిపెట్టుటకు అది యుపాయమనియు ఆతడే వ్రాసెను. గెలుపులో నూటికి 5 వంతులు ద్యూతాధ్యక్షుడు గైకొనవలెను. జూదశాల రాజునకు ఆదాయమే కాదు, మనుష్యులను చదువుకొను బడి కూడను.

పటాన్‌చెరు ప్రాంతమున నేను చాలకాలము ఉపాధ్యాయుడనై యుంటిని. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు కొందఱు చెట్టునీడను రమ్మీ ఆడుచుండెడివారు. నేను చూచుటయే కాని ఆడి యెఱుగను. (మా యింటిది ఈ మాట నేటికిని నమ్మదు.) వారిలో వయసు మీఱిన ఒకాయన తఱచు గెలుచుచుండెను. కారణ మడిగితిని. “పంతులుసారూ, ముక్కల దిక్కు కాదు, చేతుల దిక్కు చూడాలె” అనెను. తీసిన ముక్కను తడుముకొనకుండ నడుమ దూర్చినవానికి అది పనికివచ్చినదట. కొనను నిలిపినవాడు తఱువాత దానినే పాఱవేయునట. కావలసిన ముక్క క్రింద పడగానే కొందఱు చూపు మఱల్తురు. అయినను ఒక్క గుఱుతును నమ్మరాదు. ఆ మనిషి నిత్యపు తీరు ముందుగా తెలియవలెను. కౌటిల్యుడు చెప్పిన భిన్నచేష్ట యిదియే కదా! 1984లో అమెరికావాడగు మైక్ కారో పోకరు ఆటగాండ్ర చేష్టలనుగూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. మంచి ముక్కలున్నవాడు లేనివానివలెను, లేనివాడు ఉన్నవానివలెను నటించునని యాతని ముఖ్యసూత్రము. మా చెట్టుక్రింది పెద్దాయన ఆ పుస్తకమును చూచియుండడు.

నిజాముకాలపు 1305 ఫసలీ జూదపు చట్టము క్రింద సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై నడచిన వ్యాజ్యమున, 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఉంచదగినది ఉంచి విడువదగినది విడుచుట నేర్పు గనుక, రమ్మీ మూడుముక్కలాటవలె కేవల మదృష్టము కాదని జస్టిస్ హిదాయతుల్లా వ్రాసిరి.

తరువాత ఆట సెల్‌ఫోనులోనికి వచ్చెను. డబ్బుపెట్టి ఆడు ఆన్‌లైను రమ్మీని తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించెను. 2025లో కేంద్రము దేశమంతటికిని చట్టము చేసెను. మొదటి నిషేధమునకు కొంచెము ముందు, ఫ్యాక్టరీలో పనిచేయు నా పూర్వశిష్యు డొకడు మూడు నెలల జీతము పోగొట్టుకొని మా యింటికి వచ్చి, అరుగుమీద తల వంచుకొని కూర్చుండెను.

“ఎదుటివానిని చూచి ఆడితివా?” అంటిని.

“చూచేందుకు అక్కడ ఎవరున్నరు సార్?” అనెను.